ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతోంది?

జూన్ నెలలో చిత్తూరు జిల్లాలో ఏ పల్లెకైనా పొద్దున్నే వెళ్లి చూడండి. పాల కేంద్రం దగ్గర రైతు క్యాను దించగానే గరిటెడు పాలు తీసి యంత్రంలో పెడతారు. నిమిషం తిరగకముందే వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థం) అంకెలు తెర మీద పడతాయి. పాలు కొలిచి, చీటీ చేతిలో పెట్టి, తర్వాతి మనిషిని పిలుస్తారు. ఎవరూ పది నిమిషాలు మించి నిలబడరు. అదే ఊరి తోటలో కోసిన తోతాపురి కాయలు ట్రాక్టరెక్కి గుజ్జు ఫ్యాక్టరీకి పోతాయి. 2025 సీజనులో ఆ గేట్ల బయట ట్రాక్టర్ల వరుసలు రోజుల తరబడి కదలలేదు. రైతులు రాత్రిళ్లు కాయల పక్కనే పడుకున్నారు.

పాల డెయిరీలూ చాలావరకు ప్రైవేటువే, గుజ్జు ఫ్యాక్టరీలూ ప్రైవేటువే. యజమానులు లాభం కోసమే నడుపుతారు. జిల్లా అదే, రైతు కూడా చాలాసార్లు ఒక్కడే. అయినా ఒక చోట పని నిమిషాల్లో అవుతుంది, ఇంకో చోట రోజులు పడుతుంది. "ప్రభుత్వాఫీసు మొద్దుబారింది, ప్రైవేటు చురుగ్గా ఉంటుంది" అని మనం రోజూ అనుకునే మాటతో ఈ తేడాకు జవాబు దొరకదు.

జవాబు పాలలోనే ఉంది. పిండిన పాలు చల్లబరచకపోతే కొన్ని గంటల్లో విరిగిపోతాయి. చీటీ రాసిన క్షణం నుంచి ఆ నష్టం డెయిరీదే. పైగా ఊళ్లో రెండు మూడు డెయిరీల కేంద్రాలుంటాయి. ఈ రోజు నిలబెడితే రేపు రైతు పక్క కేంద్రంలో పోస్తాడు. అందుకే డెయిరీ పరుగెడుతుంది. మామిడి సంగతి తలకిందులు. సీజను జూన్, జూలై రెండు నెలలే. కాయలన్నీ ఒక్కసారే దిగుతాయి. పోయిన ఏటి గుజ్జు డ్రమ్ములు గోదాముల్లో అమ్ముడుపోక ఉన్నాయంటే ఫ్యాక్టరీకి తొందరే లేదు. గేటు బయట కాయ మగ్గినా, బరువు తగ్గినా, అడుగు కాయలు నలిగి కుళ్లినా నష్టం రైతుదే. ట్రాక్టరు బాడుగ, డ్రైవరు బత్తా కూడా రైతువే. ఇంకా దారుణం ఏమిటంటే, నిలబెట్టిన పాపానికి మెత్తబడిన కాయే ధర కోయడానికి సాకు అవుతుంది. ఆ ఏడు ప్రభుత్వం కిలో ₹12 ప్రకటించింది. అందులో ₹8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, ₹4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. ధర అయితే ప్రకటించారు కానీ, నిలబెట్టిన రోజులకు ఎవరు కట్టాలో ఎవరూ చెప్పలేదు.

ఒక సంస్థ చురుగ్గా ఉంటుందా లేదా అనేది యజమాని ఎవరన్నదాన్ని బట్టి కాకుండా, ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతోందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇదే నా వాదన. పని చేసేవాడి ఖాతాలో పడితే ప్రభుత్వమైనా పరుగెడుతుంది. పని చేయించుకునేవాడి ఖాతాలో పడితే ప్రైవేటైనా పడుకుంటుంది. మన తహసీల్దారు కార్యాలయాల్లో ఆలస్యం మొత్తం అర్జీదారు ఖాతాలోనే పడుతోంది. కుప్పం నుంచి చిత్తూరుకు వంద కిలోమీటర్లకు పైనే. కలెక్టరేటులో ఒక్కసారి "సారు లేరు, వచ్చే సోమవారం రండి" అంటే ఒక రోజు కూలి, రానుపోను బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం పోయినట్టే. ఆఫీసు ఖర్చుల పద్దులో ఆ డబ్బు ఎక్కడా కనిపించదు. కనిపించదు కాబట్టి దాన్ని తగ్గించాలని ఎవరికీ తోచదు.

ఆఫీసు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. ఆ కాలంలో టోటెన్‌హామ్ అనే బ్రిటిష్ అధికారి పేరు మీద వచ్చిన కార్యాలయ పద్ధతే ఈనాటికీ మన రెవెన్యూ ఆఫీసులకు వెన్నెముక. అర్జీ తపాలులో పడుతుంది. దానికి నంబరు వేసి సెక్షనుకు పంచుతారు. సెక్షను గుమాస్తా తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుంటాడు. పాత కాగితాలు వెతికి, నోటు రాసి, పైకి పెడతాడు. సూపరింటెండెంటు, డిప్యూటీ తహసీల్దారు, తహసీల్దారు దాకా ఎక్కి, అదే మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. పని ముగిశాక ఫైలును ఎన్నాళ్లు దాచాలో కూడా గుర్తులున్నాయి. ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే 10 ఏళ్లు, కె.డిస్ అంటే 3 ఏళ్లు, ఎల్.డిస్ అంటే ఏడాది. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చి కాగితం తెర మీదికెక్కింది. మెట్లు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి.

ఈ పద్ధతిని తేలిగ్గా తీసిపారేయకూడదు. వందేళ్ల కిందటి భూమి తగాదాకు ఈరోజు జవాబు దొరుకుతోందంటే ఆ రిజిస్టర్ల పుణ్యమే. కాగితం పోతే ఏమవుతుందో 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలినప్పుడు రాష్ట్రమంతా చూసింది. దస్త్రాన్ని జాగ్రత్తగా దాచడంలో ఈ పద్ధతి దిట్ట. దానికి తెలియనిది ఒక్కటే. అర్జీ ఎన్ని రోజులు ఆగిందో రిజిస్టరు చెబుతుంది గానీ, ఆ రోజులకు ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు.

తప్పుకు మాత్రం కట్టాలి. తహసీల్దారు ఒక పాసుపుస్తకం మీద సంతకం పెట్టాక, ఆ భూమి వేరేవాళ్లదనో ప్రభుత్వానిదనో తేలితే ఛార్జి మెమో వస్తుంది, సస్పెన్షన్ వస్తుంది, ఆడిట్ అభ్యంతరం వస్తుంది, ఒక్కోసారి ఏసీబీ కేసు కూడా. అదే తహసీల్దారు ఆ ఫైలును ఆరు నెలలు పక్కన పెడితే ఏమీ రాదు. బదిలీ అయిపోతే తర్వాత వచ్చినవారికి అది కొత్త ఫైలు. సంతకం పెడితే ముప్పు, పెట్టకపోతే క్షేమం అన్నప్పుడు ఆ కుర్చీలో ఎంత నిజాయితీపరుడు కూర్చున్నా చేయి ఆగుతుంది. లంచం పుట్టేది కూడా ఇక్కడే. ఆగిన చేతిని కదిలించడానికి ఇచ్చేదే లంచం. ఆలస్యానికి వెల లేనంత కాలం ఆ వెలను దళారి నిర్ణయిస్తాడు.

తిరుపతి చుట్టుపక్కల ఈ భయం ఇంకా ఎక్కువ. దేవస్థానం భూములు, మఠం భూములు, ఇనాములు, డీకేటీ పట్టాలు (పేదలకు సర్కారు ఇచ్చినవి), చెరువు పోరంబోకులు, చుక్కల భూములు (రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నవి) అన్నీ ఇళ్ల మధ్యనే కలిసి ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద ఒక సర్వే నంబరును నిషేధిత జాబితాలో పెడితే అక్కడితో క్రయవిక్రయాలు ఆగిపోతాయి. నంబరులో ఒక్క సబ్‌డివిజనే ప్రభుత్వానిదైనా, ఎక్కించేటప్పుడు మొత్తం నంబరు ఎక్కించేస్తే మిగతా పట్టాదారులు కూడా అందులో చిక్కుకుంటారు. జాబితాలో ఎక్కించడానికి ఒక ఉత్తరం చాలు. తీయించడానికి వీఆర్వో, ఆర్‌ఐ, తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు దాకా ప్రతి మెట్టులో నివేదిక కావాలి. ఎక్కించినవాడికి నష్టం లేదు, తీసినవాడికి భయం ఉంది. మధ్యలో కూతురి పెళ్లికి స్థలం అమ్ముకోలేనివాడు ఉన్నాడు.

ఇక ప్రైవేటు వైపు వాదించేవాళ్లు ఒక ఉదాహరణ తప్పకుండా చెబుతారు: పొలం కొలత. గ్రామ సచివాలయంలో ఎఫ్-లైన్ (పొలం హద్దుల కొలత) అర్జీ పెడితే వారాలు, నెలలు. ప్రైవేటు సర్వేయరును పిలిస్తే ఒక పూటలో కొలిచి గీత గీసి ఇస్తాడు. నిజమే. ఆ పూటలో ఏం లేదో చూడండి. సర్కారు కొలతలో చుట్టుపక్కల రైతులందరికీ ముందుగా నోటీసు ఇవ్వాలి. ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీయాలి. చెప్పిన తేదీన అందరి ముందూ రాళ్ల నుంచి కొలవాలి. అభ్యంతరం ఉంటే రాసుకోవాలి. ఒప్పుకోనివాడు పైకి అప్పీలు చేసుకునే దారి ఉండాలి. ప్రైవేటు గీతకు ఇవేమీ లేవు, పక్క రైతును అడగకుండానే గీస్తాడు. అందుకే వేగం. అందుకే రేపు గెట్టు తగాదా వస్తే ఆ గీత కోర్టులో నిలబడదు. నోటీసుకు పట్టే రోజులు వృథా కాదు, మనం కొనుక్కుంటున్న సరుకే అది.

అలాగని ఎఫ్-లైనుకు పట్టే మొత్తం కాలం నోటీసుదేనని చెప్పి తప్పించుకోకూడదు. నోటీసుకు పట్టేది కొన్ని రోజులు. మిగతా ఆలస్యానికి కారణాలు వేరు. పక్క పొలం యజమాని బెంగళూరులో ఉంటాడు, నోటీసు తలుపుకు అంటించి ముగించే అధికారం ఉన్నా వాడరు. ఎఫ్‌ఎంబీ కాగితం మడతల దగ్గర చినిగి ఉంటుంది. ఎప్పుడో పంచుకున్న సబ్‌డివిజన్లు అందులో గీసే ఉండవు. పైరు నిలబడి ఉంటే కోతల దాకా ఆగమంటారు. అన్నిటికన్నా పెద్దది, సర్వేయరును వేరే పనికి లాగడం. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేకు రోవర్లు, డ్రోన్లు వచ్చాయి, కొలత సెంటీమీటర్లలోకి వచ్చింది. అదే సర్వేయర్లు ఆ పనిలో మునిగిపోయారు, రోజువారీ అర్జీలు పేరుకున్నాయి. ఆ మీదట కొన్ని గ్రామాల్లో అన్నదమ్ముల వాటాలు ఒకే ఎల్‌పీఎం (రీసర్వేలో కమతానికి ఇచ్చిన పటం) నంబరులో జాయింటుగా పడ్డాయి. వాటిని విడగొట్టించుకోవడానికి మళ్లీ అర్జీ, మళ్లీ కొలత. తొందరపడి ముగించిన పని రైతు నెత్తిన రెండోసారి పడింది.

ఇప్పుడు ప్రభుత్వ పని చురుగ్గా సాగే చోటికి వద్దాం. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రం. ఇంటి దగ్గరే అర్జీ నింపి, 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ₹1,500 కట్టి, గంటా నిమిషంతో సహా అపాయింట్‌మెంటు తీసుకుంటారు. లోపల మూడు కౌంటర్లు. 'ఎ' కౌంటరులో ప్రైవేటు సంస్థ టీసీఎస్ సిబ్బంది కాగితాలు స్కాన్ చేసి, ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు. 'బి' కౌంటరులో పాస్‌పోర్టు కార్యాలయ అధికారి అసలు పత్రాలు సరిచూస్తారు. 'సి' కౌంటరులో ఇంకో అధికారి మంజూరు చేస్తారు లేదా ఆపుతారు. ఆపితే ఏ కాగితం తక్కువో చీటీలో ఉంటుంది. దీన్ని చూపించి "చూశారా, ప్రైవేటుకిస్తే పని ఎలా అయిందో" అంటారు. సగం మాత్రమే నిజం. నిర్ణయం తీసుకునే రెండు కౌంటర్లూ ప్రభుత్వానివే. మారినవి మూడే. సంతకం పెట్టే అధికారి అర్జీదారుకు పది అడుగుల దూరంలో కూర్చున్నాడు. ఏ కాగితాలు చాలునో ముందే రాసి ఉంది, అధికారి ఇష్టానికి వదల్లేదు. మనిషి కళ్లెదుటే ఉంటాడు కాబట్టి ఫైలు ఆగిందంటే హాలు నిండిపోతుంది, ఆ ఇబ్బంది కేంద్రానిదే. ఆ హాలు దాటి పోలీసు విచారణకు వెళ్లాక కథ మళ్లీ మామూలే, ఎందుకంటే అక్కడ ఆగితే స్టేషనుకు పోయేదేమీ లేదు.

మీసేవలోనూ ఈ తేడానే. 2011 నవంబరులో మీసేవ మొదలైంది మన జిల్లాలోనే. అందులో సేవలు రెండు రకాలు. 'ఎ' రకంలో అప్పటికే సంతకమై కంప్యూటరులో ఉన్న అడంగల్, 1బి, ఈసీ లాంటి భూమి రికార్డుల నకళ్లు వస్తాయి, కౌంటరులో నిలబడగానే అచ్చు తీసి ఇస్తారు. 'బి' రకంలో కొత్తగా ఒకరు విచారించి సంతకం పెట్టాల్సినవి ఉంటాయి. 2019 అక్టోబరు 2 నుంచి సచివాలయాలు వచ్చాయి, 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోకే సేవలు వచ్చాయి. 'ఎ' రకం పనులు గాల్లో తేలినంత తేలికయ్యాయి. 'బి' రకంలో అర్జీ పెట్టడం ఒక్కటే తేలికైంది. అర్జీ క్షణంలో చేరుతుంది, చేరిన తర్వాత వీఆర్వో, ఆర్‌ఐ, తహసీల్దారు అనే అదే మెట్ల దగ్గర కూర్చుంటుంది. గుమ్మం ఎంత వెడల్పు చేసినా లోపలి గది అంతే ఉంటే వరుస గదిలోకి మారుతుంది, అంతే.

ప్రైవేటులో తహసీల్దారు కార్యాలయం చూడాలంటే ఇంటి అప్పు తీర్చేసినవాళ్లను అడగండి. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు మనిషి ఇంటికే వస్తాడు, వారంలో చెక్కు చేతికిస్తాడు. చివరి వాయిదా కట్టిన మర్నాటి నుంచి ఎవరూ ఫోను ఎత్తరు. అసలు దస్తావేజులు బ్రాంచిలో ఉండవు, ఏ చెన్నైలోనో హైదరాబాదులోనో పెద్ద గోదాములో ఉంటాయి. బ్రాంచి అక్కడికి కోరిక పంపాలి, వాళ్లు పెట్టె వెతకాలి, కొరియరులో రావాలి, జాబితాతో సరిచూడాలి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తాకట్టు రద్దు రాయించాలి. ప్రతి మెట్టూ చిన్నదే. ఏ మెట్టు దగ్గర ఆగినా బ్యాంకుకు పోయేది లేదు, ఎందుకంటే ఆ మనిషితో ఇక రావాల్సిన వడ్డీ లేదు. స్థలం అమ్ముకోవడానికి అడ్వాన్సు తీసుకున్నవాడు మాత్రం నలిగిపోతాడు.

దీన్ని రిజర్వు బ్యాంకు ఎలా కదిలించిందో చూడండి. 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు, ఆ డిసెంబరు 1 నుంచి అమలు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలన్నీ తిరిగివ్వాలి, రిజిస్టరైన తాకట్టు తీసేయించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు ₹5,000 చొప్పున అప్పు తీర్చినవాడికి కట్టాలి. పత్రాలు పోగొడితే నకళ్లు తీయించే ఖర్చు కూడా బ్యాంకుదే, అందుకు మరో 30 రోజులు గడువు. కొత్త గోదాము కట్టమని చెప్పలేదు, కొత్త సాఫ్ట్‌వేరు పెట్టమని చెప్పలేదు. ఆలస్యాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చింది. ఇది సర్కారు బ్యాంకులకూ ప్రైవేటు బ్యాంకులకూ ఒకేలా వర్తిస్తుంది.

ఆరోగ్య బీమాలోనూ అంతే. డాక్టరు పొద్దున డిశ్చార్జి రాస్తే, బీమా కంపెనీ ఆమోదం కోసం రోగి రాత్రి దాకా మంచం మీద కూర్చునేవాడు. ఆ రాత్రి గది అద్దె రోగి బిల్లులో పడేది. 2024లో బీమా నియంత్రణ సంస్థ నిబంధన మార్చింది. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కోరిక అందిన మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి. మూడు గంటలు దాటితే ఆసుపత్రి వేసే అదనపు బిల్లు కంపెనీ వాటాదారుల నిధి నుంచి కట్టాలి, పాలసీదారుల సొమ్ము నుంచి కాదు. ఈ చివరి మాట రాసినవారికి విషయం బాగా తెలుసు. డిశ్చార్జి దగ్గర మిమ్మల్ని ఆపితే కోరిక పంపిన సమయం ఆసుపత్రి బీమా డెస్కులో రాయించుకోండి. ఆ సమయం లేకపోతే మూడు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరూ ఒప్పుకోరు.

ప్రభుత్వం దగ్గర ఇలాంటి గడియారం పెద్దగా పనిచేస్తున్నది ఒక్క చోటే, సమాచార హక్కు చట్టంలో. 2005 చట్టం. 30 రోజుల్లో జవాబివ్వకపోతే రోజుకు ₹250, గరిష్ఠంగా ₹25,000, అదీ ఆఫీసు డబ్బు నుంచి కాకుండా సమాచార అధికారి సొంత జీతం నుంచి. కమిషను దాకా వెళ్లి జరిమానా వేయించడం కష్టమే. అయినా ఆఫీసులో ఏ తపాలుకూ లేని మర్యాద ఆ కవరుకు ఉంటుంది. ప్రైవేటు కంపెనీని ఇలా అడిగే హక్కు మనకు లేదు. ప్రభుత్వ ఆలస్యాలు మనకు ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

ఒకే అధికారి రెండు వేగాలతో పనిచేయగలడనడానికి 2015 నాటి సింగిల్ డెస్కు విధానమే సాక్ష్యం. పరిశ్రమ పెట్టేవారికి అన్ని శాఖల అనుమతులూ 21 పనిదినాల్లో ఇవ్వాలన్నారు. శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ పెట్టే కంపెనీకీ, పక్క ఊళ్లో తండ్రి పేరు నుంచి తన పేరుకు రెండెకరాలు మార్చుకునే రైతుకూ ఫైలు కదిలించే రెవెన్యూ శాఖ ఒకటే. కంపెనీ ఆగితే తమిళనాడుకో కర్ణాటకకో పోతుంది, పెట్టుబడి పోయిందని పైవాళ్లు కిందివాళ్లను అడుగుతారు. రైతు ఆగితే ఎక్కడికీ పోలేడు. శాఖకు చేతకాక కాదు. ఎవరి కోసం పరుగెత్తాలో దానికి నేర్పారు.

ఆర్టీసీ గురించి రెండు మాటలు. తిరుపతి నుంచి హైదరాబాదుకు ప్రైవేటు స్లీపరు బస్సు బాగానే ఉంటుంది. సంక్రాంతికి టికెట్టు ఎన్ని రెట్లు అవుతుందో అందరికీ తెలుసు. మారుమూల పల్లెకు పొద్దున ఆరున్నరకు పిల్లల పాసులతో వెళ్లే పల్లెవెలుగును ఆ లెక్కలో పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. అలిపిరి డిపోకు 2022లో వచ్చిన విద్యుత్ బస్సుల పద్ధతి నాకు నచ్చింది. బస్సు, నిర్వహణ, డ్రైవరు ప్రైవేటు సంస్థవి. రూటు, టికెట్టు, కండక్టరు ఆర్టీసీవి. సంస్థకు కిలోమీటరు లెక్కన చెల్లింపు. బస్సు షెడ్డులో నిలిచిందంటే వాళ్లకు కిలోమీటర్లు రావు. ఖాళీగా వెళ్లినా ఊరి బస్సు ఆగదు.

గడియారం పెడితే చాలు, అంతా బాగవుతుందని అనుకోవడం కూడా పొరపాటే. గడువు పెట్టిన చోట ఏం చెడుతుందో దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. గడువు రేపు ముగుస్తుందనగా ఈరోజు సాయంత్రం "పత్రాలు సరిపోలేదు" అని అర్జీ తిరస్కరిస్తారు. తెర మీద ఆ పని పూర్తయినట్టే లెక్క, మనిషి మళ్లీ రుసుము కట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి. సోమవారం ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్ఎస్‌లో ఇచ్చిన ఫిర్యాదుకు "సంబంధిత అధికారికి పంపడమైనది" అని రాసి పరిష్కారమైనట్టు మూసేస్తారు. రెండోసారి పెట్టిన అర్జీని కొత్త అర్జీగా లెక్కించడం వల్ల మొదటి దాని వైఫల్యం ఎక్కడా నమోదు కాదు. ఇంకొకటి, అభ్యంతరాలను విడతలుగా చెప్పడం. మొదట రేషన్ కార్డు లేదంటారు, తెచ్చాక తండ్రి మరణ ధ్రువపత్రం అంటారు, అదీ తెచ్చాక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అంటారు. ప్రతిసారీ గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. ప్రైవేటు కాల్‌సెంటర్లలోనూ ఇదే ఎత్తు. ఫిర్యాదు నంబరు ఇచ్చి 48 గంటల్లో మూసేస్తారు, మళ్లీ చేస్తే కొత్త నంబరు.

కాబట్టి గడువుతో పాటు మూడు సంగతులు ఉండాలి. అర్జీ తీసుకున్న మొదటి మూడు రోజుల్లో అన్ని లోపాలూ ఒకే కాగితం మీద రాసివ్వాలి, ఆ తర్వాత కొత్త లోపం చూపడానికి వీలుండకూడదు. తిరస్కరణ మీద ఏ నిబంధన కింద తిరస్కరించారో రాసి సంతకం పెట్టాలి, సంఖ్య మాత్రమే కాదు, కారణమూ లెక్కలోకి రావాలి. అదే మనిషి అదే పని మీద రెండోసారి వస్తే మొదటి అర్జీ తేదీ నుంచే రోజులు లెక్కపెట్టాలి. మధ్యప్రదేశ్ 2010లోనే సేవల హామీ చట్టం తెచ్చి ఆలస్యానికి రోజుకు ₹250 జరిమానా పెట్టింది. దానికి తోడుగా సంతకం పెట్టినవాడికి రక్షణ కూడా కావాలి. రాసి ఉన్న పత్రాలన్నీ చూసి, నోటీసు ఇచ్చి, నిజాయితీగా పెట్టిన సంతకం తర్వాత తప్పని తేలితే దాన్ని సరిదిద్దాలి గానీ ఆ అధికారి పింఛను మీద పడకూడదు. ఈ రక్షణ లేకుండా జరిమానా ఒక్కటే పెడితే తిరస్కరణలు రెట్టింపవుతాయి.

వరుసలో నిలబెట్టే బాధ తగ్గించడానికి తిరుపతివాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. సర్వదర్శనం టోకెన్లు విష్ణునివాసంలోనో శ్రీనివాసంలోనో భూదేవి కాంప్లెక్సులోనో ఇస్తారు, మీ సమయం చీటీ మీద ఉంటుంది, అప్పటిదాకా మీ పని మీరు చూసుకోవచ్చు. దర్శనానికి పట్టే కాలం తగ్గలేదు, నిలబడే కాలం తగ్గింది. మండలాఫీసులో సర్వేయరును కలవడానికి కూడా ఇలా సమయం రాసిన చీటీ ఇవ్వచ్చు. దానికి ఒక నోటు పుస్తకం చాలు.

ఈలోగా అర్జీ పెట్టేవాళ్లు చేసుకోగలిగింది కొంత ఉంది. రసీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వకండి. ఫైలు నంబరు అడగండి. అది ఇ3/1234/2025 అన్నట్టు ఉంటే మొదటి అక్షరం సెక్షను, పక్క అంకె గుమాస్తా సీటు. "సారు దగ్గర ఉంది" అనే మాట విని తిరిగి రాకుండా నేరుగా ఇ3 సీటు దగ్గరికి వెళ్లి నోటు పైకి ఏ తేదీన పెట్టారో అడగండి. తేదీ రాసుకోండి. నెల దాటితే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి ₹5, ఆ పైన ₹10. "నా పని ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి ఎవరైనా తప్పించుకునే జవాబు రాస్తారు. "ఫలానా నంబరు అర్జీ ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి చేరింది, అక్కడ ఎన్ని రోజులుంది, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, నోట్ ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి. చాలాసార్లు ఆ జవాబు రాయడానికి ఫైలు వెతుకుతారు, వెతికిన ఫైలు కదులుతుంది.

కరెంటు విషయంలో మన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉంది, గడువులు రాతలో ఉన్నాయి. మామూలు ఫ్యూజు పోతే పట్టణంలో 4 పనిగంటలు, పల్లెలో 12. ట్రాన్స్‌ఫార్మరు కాలితే పట్టణంలో 24 గంటలు, పల్లెలో 48. దాటితే పరిహారం అడిగే హక్కుంది. లైన్‌మన్‌కు ఫోను చేసి ఊరుకుంటే గడియారం మొదలవదు, 1912కు చేసి ఫిర్యాదు నంబరు తీసుకుంటేనే మొదలవుతుంది. పల్లెల్లో చాలామంది లైన్‌మన్‌తో పరిచయం మీదే నడిపిస్తారు కాబట్టి కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల అసలు ఆలస్యం లెక్కలోకే రాదు.

ఇక మామిడి. వచ్చే సీజనుకు ధర ఎంత అనే చర్చ మళ్లీ మొదలవుతుంది. ధరతో పాటు గేటు సంగతి కూడా మాట్లాడాలి. ట్రాక్టరు గేటు దగ్గరికి రాగానే తూకం వేయాలి, లోపలికి వెళ్లినప్పుడు కాదు. కాయ నాణ్యత కూడా అప్పుడే చూసి చీటీ మీద రాయాలి. తూకం చీటీ రైతు చేతికి వచ్చిన క్షణం నుంచి బరువు తగ్గినా, కాయ మగ్గినా ఫ్యాక్టరీదే. టోకెను మీద దింపే సమయం ఉండాలి, అది దాటితే గంట గంటకూ ట్రాక్టరు బాడుగ ఫ్యాక్టరీ కట్టాలి. రోజుకు ఎన్ని టన్నులు పిండగలరో అన్ని టన్నులకే టోకెన్లు ఇవ్వడం వాళ్లు ఆ వారంలోనే నేర్చుకుంటారు.